సియోల్ వచ్చింది, మా అమ్మాయే వద్దంది

ముందు ఒక మాట తేల్చేస్తాను. మా అమ్మాయి నిత్యకి సియోల్‌లో సీటు రాలేదని, వేరే దారి లేక బుసాన్‌లో చేరుతోందని డాలస్ పక్కన కాపెల్‌లో మనవాళ్ళు అనుకుంటున్నారు. ఆ మాట కాపెల్ నుంచి ఆర్కాన్సాలో ఉన్న మా బెంటన్‌విల్‌కి కూడా చేరింది. ఇక్కడి పిక్నిక్‌లో ఒకావిడ మా ఆవిడ సుజాత చెయ్యి పట్టుకుని ఓదార్చింది కూడాను. సీటు వచ్చింది. పెద్ద పేరున్న యూనివర్సిటీలోనే వచ్చింది. మా అమ్మాయి దాన్ని వద్దంది. రాలేదని చెప్పింది నేను.

జూన్‌లో తండ్రీకూతుళ్ళం డాలస్ దాకా కారులో వెళ్ళొచ్చాం. ఆ ప్రయాణంలోనే ఈ అబద్ధం పుట్టింది. అది ఎక్కడ, ఏ పరిస్థితిలో పుట్టిందో రాస్తాను. మీ పిల్లలు కూడా రేపో మాపో ఏదో ఒక దేశం పేరు చెప్తారు కాబట్టి మీకూ పనికొస్తుంది.

బెంటన్‌విల్: ఎవరు ఇంటర్నేషనల్?

నాది వైజాగ్. చాలా ఏళ్ళుగా బెంటన్‌విల్‌లో, ఈ ఊరికి అన్నం పెట్టే పెద్ద దుకాణాల కంపెనీకి కాంట్రాక్టులో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నిత్య కిండర్‌గార్టెన్ నుంచి హైస్కూల్ దాకా ఇక్కడే చదివింది. స్కూల్ బ్యాండ్‌లో డ్రమ్ము వాయించింది. టోర్నడో సైరన్ మోగితే బాత్‌టబ్‌లో దుప్పటి కప్పుకుని కూర్చోవాలని నాకు నేర్పింది ఆ పిల్లే. అలాంటి పిల్ల ఇక్కడి కాలేజీలకి అప్లై చేస్తుంటే, కొన్నిటి అప్లికేషన్ దానంతట అదే ఆమెని ఇంటర్నేషనల్ స్టూడెంట్ కింద వేసింది. నా వీసా మీద ఆధారపడిన పిల్ల కదా. గ్రీన్ కార్డు క్యూ కదలదు. ఇరవై ఒకటి నిండితే ఆ ఆధారం కూడా పోతుంది. ఇక్కడే పెరిగి, ఇక్కడి యాసలో మాట్లాడే పిల్లని ఏ మొహం పెట్టుకుని ఇంటర్నేషనల్ అంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఇక్కడ కూడా ఇంటర్నేషనలే కదా నాన్నా," అంది నిత్య. "అక్కడైతే కనీసం అది నిజం."

అక్కడ అంటే కొరియా. మావాళ్ళందరూ సీరియళ్ళ పిచ్చి అన్నారు. సీరియళ్ళు చూసిన మాట నిజమే, తన పక్కన కూర్చుని నేనూ రెండు చూశాను. కానీ సీరియల్ చూసి ఓడలు కట్టడం నేర్చుకుంటానని ఎవరూ అనరు. ఆ కోరిక వైజాగ్‌ది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని, దూరంగా లంగరేసి ఉన్న ఓడల్ని చూస్తూ, అంత ఇనుము ఎందుకు మునగదని ప్రాణం తీసేది. ఆర్కాన్సాలో సముద్రం లేదు. ప్రపంచంలో ఓడలు బాగా కట్టే దేశాల్లో కొరియా ఒకటని తనే కనుక్కుంది. మూడేళ్ళు కూర్చుని కొరియన్ నేర్చుకుంది.

తను చూసిన యూనివర్సిటీలకి నాకు అర్థమయ్యేలా పేర్లు పెట్టింది. కొండది, ఇంగ్లీషుది, సముద్రానిది. కొండది సియోల్‌లో ఒక కొండ మీద ఉంటుంది, అందరికంటే పెద్ద పేరు. దానికి కొరియన్‌లో ఇంకో లెవెల్ పాసవ్వాలి కాబట్టి ఈ ఏడాది అప్లై చేయలేదు. ఇంగ్లీషుది కూడా సియోల్‌దే, గొప్ప ర్యాంకు, పాఠాలన్నీ ఇంగ్లీషులో. నా పోరు పడలేక అప్లై చేస్తే సీటొచ్చింది. అందులో కంప్యూటర్లున్నాయి, బిజినెస్ ఉంది, ఓడలు లేవు. సముద్రానిది బుసాన్‌లో. ర్యాంకు కిందెక్కడో. ఓడల శాఖ పెద్దది, పాఠాలు ఎక్కువగా కొరియన్‌లో. అక్కడా సీటొచ్చింది.

క్లాసులు సెప్టెంబర్‌లో మొదలు. సోమవారంలోగా రెండిట్లో ఒకదానికి సరే అనాలి. శనివారం ఇంగ్లీషుదాని తరఫువాళ్ళు డాలస్ పక్కన కారల్టన్‌లో ఒక హోటల్‌లో సీటొచ్చిన పిల్లల్ని కలుస్తున్నారు. అక్కడి హంగు చూస్తే పిల్ల మనసు మారుతుందని నా ఆశ. "ఊరికే చూసొద్దాం," అన్నాను. "ఊరికే అంటే నువ్వు ఎప్పుడూ ఊరికే అనవు," అంది. అయినా శుక్రవారం పొద్దున్న కారెక్కింది.

మస్కోగీ: గడ్డిలో సబ్‌మెరైన్

ఆర్కాన్సా దాటి ఓక్లహోమాలోకి వెళ్ళాక మస్కోగీ అనే ఊరు వస్తుంది. అక్కడ గడ్డి మైదానంలో ఒక సబ్‌మెరైన్ ఉంది. చుట్టుపక్కల వందల మైళ్ళలో సముద్రం లేదు. పాత యుద్ధంలో పనిచేసిన దాన్ని నది మీదుగా తెచ్చి ఇక్కడ పెట్టారట. మా వైజాగ్ బీచ్‌లో కూడా ఒక సబ్‌మెరైన్ ఉంది. అక్కడ లోపలికి వెళ్ళాలంటే క్యూ, తోపులాట, వెనకాల పిల్లల ఏడుపు, బయటికి రాగానే మరమరాల మురీ మిక్చర్. ఇక్కడ మేమిద్దరమే. ఎండకి ఇనుము కాలిపోతోంది. తినడానికి ఒక మిషన్‌లో చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఉన్నాయి.

టికెట్లిచ్చిన ముసలాయన జీతం లేకుండా పనిచేసే వాలంటీర్. నిత్య లోపలున్న వస్తువుల కంటే కింద పొట్ట భాగాన్ని ఎక్కువసేపు చూసింది. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని అతుకులు చూస్తుంటే ఆయనకి ముచ్చటేసింది.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఓడలు కట్టడం చదవబోతున్నాను. బుసాన్‌లో," అంది. నిశ్చయం అయిపోయినట్టే చెప్పింది.

"బుసానా? అక్కడికైతే సముద్రం దగ్గరే కదా. మంచిది," అన్నాడు ఆయన. అంతే. ర్యాంకెంత అని అడగలేదు. ఆ ప్రయాణం మొత్తంలో అది అడగని పెద్దమనిషి ఆయన ఒక్కడే. నాకు అప్పుడు ఆ సంగతి తట్టలేదు. "ఇంకా డిసైడ్ చేయలేదండీ," అని మధ్యలో దూరాను. నిత్య మోకాళ్ళకంటిన గడ్డి దులుపుకుని కారు వైపు నడిచింది.

కారల్టన్: కొరియన్ రాకుండా కొరియా

రాత్రి కాపెల్‌లో నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ శ్రీధర్ ఇంట్లో దిగి, పొద్దున్నే హోటల్‌కి వెళ్ళాం. హాల్లో సగం మన తెలుగువాళ్ళే. పిల్లలు వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్నారు, తల్లిదండ్రులు ముందు వరసల్లో పెన్నులతో కూర్చున్నారు. యూనివర్సిటీ తరఫున వచ్చిన కొరియన్ కుర్రాడు ప్రతి ప్రశ్నకీ కాస్త తల వంచి జవాబిచ్చాడు. ప్లేస్‌మెంట్లెలా ఉంటాయి? ఇండియన్ ఫుడ్ దొరుకుతుందా? అక్కడ మనవాళ్ళెంతమంది? ఆ చివరి ప్రశ్న అడిగింది నేనే. కొరియన్ కుర్రాడికి "మనవాళ్ళు" అంటే ఎవరో అర్థం కాక, "క్షమించండి, ఎవరు?" అన్నాడు. హాల్లో నవ్వారు.

తర్వాత ఒక తండ్రి లేచి, కొరియన్ అస్సలు నేర్చుకోకుండా నాలుగేళ్ళు గడపవచ్చా అని అడిగాడు. కుర్రాడి మొహం వెలిగింది. భేషుగ్గా గడపవచ్చు, ఒక్క ముక్క రాకుండా డిగ్రీ పుచ్చుకుని వెళ్ళినవాళ్ళున్నారు అన్నాడు. ముందు వరసలు తృప్తిగా తలలూపాయి.

నిత్య నా చెవిలో అంది. "ఎవరింటికైనా వెళ్ళి, నాలుగేళ్ళు ఎవరితో మాట్లాడకుండా ఉంటే అది గొప్పా నాన్నా?"



బయట కాఫీ దగ్గర మన తెలుగు కన్సల్టెంట్ ఒకాయన పట్టుకున్నాడు. పేరు అనవసరం, ఇలాంటివాళ్ళు ప్రతి హోటల్ గుమ్మంలోనూ ఉంటారు. బుసాన్ మాట వినగానే నా భుజం మీద చెయ్యేశాడు.

"సార్, మీకు తెలియక కాదుగానీ, బుసాన్ అంటే మన దగ్గర జిల్లా కాలేజీ లెక్క. రేపు పెళ్ళి సంబంధాల్లో చెప్పుకోడానికి కూడా సియోల్ అంటే ఆ వెయిట్ వేరు."

"అంకుల్, మీరు బుసాన్ వెళ్ళారా?" అంది నిత్య.

"వెళ్ళలేదమ్మా. కానీ సియోల్‌కి చాలామందిని పంపించాను."

"సియోల్ వెళ్ళారా?"

ఆయన నవ్వి, కాఫీలో పంచదార కలుపుకున్నాడు. చూడని ఊళ్ళని అమ్ముకుంటూ పద్దెనిమిదేళ్ళ పిల్లలకి దారి చూపిస్తున్నాడు ఈ మనిషి. పెళ్ళి సంబంధాల మాట ఎవరడిగారు? నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉందనిపించింది. అది తలుచుకుంటే ఇప్పుడు మండుతోంది.

అదే ఊరు: పిన్ని హోటల్

భోజనానికి నిత్య ఒక చిన్న కొరియన్ హోటల్‌కి తీసుకెళ్ళింది. శనివారం నేను నీచు తినను కాబట్టి మొలకల పులుసు చెప్పించింది. మనిషికి పదిహేను డాలర్లు దాటింది గానీ, అడక్కుండానే ఆరు చిన్న గిన్నెల్లో కూరలూ పచ్చళ్ళూ తెచ్చిపెట్టారు. అయిపోతే మళ్ళీ ఇస్తారు, డబ్బులుండవు. మన మెస్సుల్లో మారు వడ్డించే పద్ధతే. అన్నం మూతున్న స్టీలు గిన్నెలో వచ్చింది. అమెరికాలో ఇన్నేళ్ళుగా పింగాణీలో తిన్నవాడికి హోటల్‌లో స్టీలు గిన్నె కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిత్య చెప్పుకున్న నూడుల్స్ మాత్రం కత్తెరతో కత్తిరించి ఇచ్చారు. పక్క బల్ల దగ్గర ఒక నాన్నమ్మ అదే కత్తెరతో మనవడికి మాంసం కత్తిరిస్తోంది, మనం గుడ్డ కత్తిరించినంత తేలిగ్గా.

నిత్య వడ్డించే ఆవిడని "ఇమో" అని పిలిచింది. అంటే పిన్ని అట. ఇక్కడి మన పిల్లలు కనిపించిన ప్రతి మనిషినీ ఆంటీ అంటారు. ఆ పిల్ల పరాయి భాషలో మాత్రం పిన్ని అంటోంది. పిన్ని నా వైపు చూపించి ఏదో అడిగింది. నిత్య చెప్పినదాంట్లో నాకు "ఉరి అప్పా" అని వినబడింది.

"ఉరేంటే?" అన్నాను.

పులుసు పొలమారేంత నవ్వింది. "ఉరి అంటే మా, నాన్నా. మా నాన్న అని చెప్పాను. వాళ్ళు నా అమ్మ, నా ఇల్లు అనరు. మా అమ్మ, మా ఇల్లు అంటారు. ఒక్కళ్ళే ఉన్నా సరే మా అంటారు."

"మనమూ అంతేగా."

"అది నాకు ఎవరూ చెప్పలేదు. నా అమ్మ అన్నప్పుడల్లా అమ్మమ్మ నవ్వేది. ఎందుకు నవ్విందో కొరియన్ క్లాస్‌లో అర్థమైంది."

బుసాన్ వెళ్తోందని విని పిన్ని చేతులు తిప్పుతూ గట్టిగా ఏదో అంది. బుసాన్‌వాళ్ళది మోటు యాస, నాలుగేళ్ళుండి సియోల్ వెళ్తే నోరు తెరవగానే నవ్వుతారు అంటోందట. నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో నా విశాఖ యాసకి నవ్వినవాళ్ళు గుర్తొచ్చారు. యాసలకీ ర్యాంకులు పెట్టే జబ్బు వాళ్ళకీ ఉందన్నమాట.

పులుసు బాగుంది. గిన్నె ఖాళీ అయ్యాక నిత్య అంది. "ఇందులో నీళ్ళు ఎండు చేపలు మరిగించి తీస్తారు నాన్నా."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే ఫోన్‌లో చదివాను. సారీ. బాగుందన్నావుగా."

వైజాగ్‌వాణ్ణి, ఎండు చేపల రుచి గుర్తుపట్టలేదా అంటే, పట్టాననే అనుకుంటున్నాను. పైకి అడగలేదు.

కారెక్కాక, "నేను సముద్రానిదే తీసుకుంటాను," అంది. ఆ పూట నాకు ఎదురు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "సరే," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అది మధ్యాహ్నం. సాయంత్రానికి ఏం చేశానో చూడండి.

కాపెల్: ఒక్క మాట

శ్రీధర్, అతని భార్య లావణ్య ఆ సాయంత్రం ఇంకో మూడు కుటుంబాల్ని భోజనానికి పిలిచారు. కాపెల్‌లో మన ఇళ్ళు లోపల ఒకేలా ఉంటాయి. గుమ్మం పక్కన చెప్పుల గుట్ట, వంటింటి మధ్య రాతి బల్ల మీద అల్యూమినియం ట్రేల్లో క్యాటరింగ్ బిర్యానీ, పక్కన శనివారంవాళ్ళకి పనీరు. మగవాళ్ళు పెరట్లో, ఆడవాళ్ళు వంటింట్లో. ఎవరి పిల్లలు ఎక్కడ చేరుతున్నారన్నదే అందరి నోటా.

"మీ నిత్య ఏదిరా ఫైనల్?" అన్నాడు శ్రీధర్, ప్లేటు పట్టుకుని లోపలికొచ్చి.

"బుసాన్."

"బుసానా? సియోల్ ఏమైంది?"

వంటింట్లో మాటలాగిపోయాయి. పెరుగు గిన్నె దగ్గర నిత్య నిలబడి ఉంది. సీటొచ్చిందిరా, పిల్లకి అక్కర్లేదంది అని నేను చెప్పాలి. చెప్తే తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చిన ర్యాంకు వదిలేయడమేంటి, పిల్ల చెప్తే నువ్వు వినడమేంటి, నీకు బుద్ధి ఉందా అని భోజనాలయ్యేదాకా నన్ను కూర్చోబెట్టి వాయిస్తారు. రాలేదంటే అంతా నిమిషంలో అయిపోతుంది.

"రాలేదులే," అన్నాను.

నిజంగానే నిమిషంలో అయిపోయింది. శ్రీధర్ నాలుక చప్పరించాడు. లావణ్య నిత్య తల నిమిరింది. "పోన్లే నాన్నా, ఏం ఫర్వాలేదు. బాగా చదివి నెక్స్ట్ ఇయర్ సియోల్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందువుగాని."

నిత్య నా వైపు చూసింది. నేను బిర్యానీ ట్రే వైపు చూశాను.

"ఓకే ఆంటీ," అంది.

అక్కడితో ఆగలేదు. తన కొడుకుకి సియోల్ వచ్చినాయన ఒకరు నిత్యని పక్కన కూర్చోబెట్టుకుని, పరీక్షలెలా రాయాలో, ఎక్కడ మార్కులు పోతాయో చెప్పాడు. ఆ అబ్బాయిదీ అదే ఇంగ్లీషు యూనివర్సిటీ. వాళ్ళ అబ్బాయికొచ్చిన సీటే ఈ పిల్లకీ వచ్చింది. ఈ పిల్ల ఆ సలహాలన్నీ చేతులు కట్టుకుని విని, థాంక్యూ అంకుల్ అంది. నా ముందే జరిగింది ఇదంతా. నేను పెరుగన్నం కలుపుకున్నాను.

మనలో ఈ రోగం ఎప్పటిదో గానీ ఎంత ముదిరిందో నాకు ఆ వంటింట్లో తెలిసింది. పిల్ల ఓడిపోయిందంటే జాలిపడి వడ్డిస్తారు. పిల్ల ఆలోచించుకుని వద్దనుకుందంటే క్షమించరు. నేను వాళ్ళని తిడుతున్నాను గానీ, ఆ లెక్క వాళ్ళకంటే నాకే బాగా వచ్చు. అందుకే అంత త్వరగా నోట్లోంచి వచ్చేసింది.

మెకాలెస్టర్: పెట్రోల్ బంకు

ఆదివారం తిరుగు ప్రయాణం. టెక్సాస్ సరిహద్దు దాటేదాకా నిత్య చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. ఓక్లహోమాలో రోడ్డు పక్కన ఒకావిడ పీచ్ పళ్ళమ్ముతుంటే ఆగాను. బుట్ట పన్నెండు డాలర్లు. కోసిన ముక్క రుచి చూపించి, "మీ అమ్మాయా?" అని అడిగింది. "యా, హీ ఈజ్ మై డాడ్," అంది నిత్య. ఇంగ్లీషులో అంతకంటే ఏమంటారు? అయినా నాకు నిన్నటి ఉరి అప్పా గుర్తొచ్చింది.

మెకాలెస్టర్‌లో పెట్రోల్ కొట్టించి, నీడలో కారు ఆపాను.

"నిన్న నువ్వెందుకు ఏమీ అనలేదు?" అన్నాను.

ఇయర్‌ఫోన్లు తీసింది. "ఏమనాలి? నా డాడ్ లై చేస్తున్నాడు అని అందరి ముందు అనాలా?"

నేను ఇంజిన్ ఆపేశాను.

"నాకు వాళ్ళ మీద కోపం లేదు నాన్నా. వాళ్ళకి తెలీదు. నీకు తెలుసు. కారులో సరే అన్నావ్. నేను ఫెయిలయ్యానని చెప్పడం నీకు ఈజీ. నేను చూజ్ చేసుకున్నానని చెప్పడం కష్టం. అది ఎలా?"

ఎలా అన్నది నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆర్కాన్సాలో పెరిగిన పిల్లకి అది అర్థమయ్యే అవకాశం లేదు. నాకు అర్థమవుతుంది. అందుకే సిగ్గేసింది.

అక్కడే శ్రీధర్‌కి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను.

"ఒరేయ్, నిన్న తప్పు చెప్పాను. సియోల్ వచ్చింది. నిత్యే వద్దంది. అక్కడ ఓడల శాఖ లేదు."

 శ్రీధర్ చాలా మెత్తగా, ఆసుపత్రిలో మాట్లాడినట్టు మాట్లాడాడు. "సరే రమణా. అలాగే అనుకుందాం. పిల్ల పక్కనుందా?"

"పక్కనే ఉంది. నిజంరా. ఆఫర్ మెయిల్ పంపించమంటావా?"

"ఎందుకురా అవన్నీ. మాకు అర్థమైందిలే. పిల్ల ఫీలవుతుంది, నువ్వు అలా చెప్పడమే కరెక్ట్."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అబద్ధం చెప్తే మారు మాట లేకుండా నమ్మారు. నిజం చెప్తే తండ్రి ప్రేమ అంటున్నారు. ఎవరైనా తనంతట తను సియోల్ వదులుకుంటారన్నది ఆ మనిషి బుర్రకి ఎక్కడం లేదు.

నిత్య ఫోన్ మీదికి వంగింది. "అంకుల్, మా నాన్న నిజమే చెప్తున్నాడు."

మా అంది. శ్రీధర్‌కి అందులో విశేషం ఏముంది?

"సరేనమ్మా, సరే," అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "ఇదిగో, ఆంటీ మాట్లాడుతుందట."

ఆ రాత్రి ఇంటికి చేరగానే సుజాత ముందు కూర్చుని నిత్య బుసాన్‌కి సరే అని పంపింది, సియోల్‌కి వద్దని రాసింది. శ్రీధర్‌కి తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పాను. చెప్పినకొద్దీ ఇంకా ఎక్కువ జాలిపడుతున్నాడు. అందుకే అందరూ చదివేలా ఇది రాస్తున్నాను. నా మాట నమ్మకపోతే, ఆ వంటింట్లో పరీక్షలెలా రాయాలో నేర్పిన పెద్దమనిషి వాళ్ళబ్బాయినే అడగండి. సీటొచ్చినవాళ్ళ గ్రూపులో నిత్య పేరు ఆ అబ్బాయి చూశాడట. తండ్రి అడగలేదు, కాబట్టి చెప్పలేదు.

ఇక మెకాలెస్టర్‌లో లావణ్య ఫోన్ తీసుకుని ఏమడిగిందో చెప్పి ముగిస్తాను. ఓదార్పు మాటలన్నీ అయ్యాక, ఆవిడకి అసలు దిగులు పట్టుకుంది.

"అది సరే అన్నయ్యగారూ, ఒంటరి ఆడపిల్ల. ఆ బుసాన్‌లో మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

హోటల్‌లో ఆ ప్రశ్నే అడిగినవాణ్ణి నేను. నిత్య పీచ్ పండు కొరుకుతూ, రసం మోచేతి దాకా కారుతుంటే, ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"సెప్టెంబర్ నుంచి ఒకరుంటారు ఆంటీ."